సున్నం కింద దస్తావేజు

నేను బీఏ పాసయ్యేనండీ.

ఆయ్, నేనే. ముక్తేశ్వరానికి దిగువన, ఏటిగట్టు పక్కనున్న మా పేటలో బీఏ దాకా వెళ్ళిన మొదటి మనిషిని. మా నాన్నది వేలిముద్ర, మా అమ్మది వేలిముద్ర. మా తాతకైతే వేలిముద్ర వేసే అవసరం కూడా రాలేదు, ఆయన పేర ఏమన్నా ఉంటే కదా. కాకినాడ బస్టాండు పక్క కాఫీ హోటల్లో ఎవరో చదివి వదిలేసిన పేపర్లో నా నెంబరు చూసుకున్నాను. మూడుసార్లు చూసుకుని, నమ్మకం కుదరక, ఎదురుగా కూచున్న పెద్దాయన చేతికిచ్చి చూడమన్నాను. ఆయన కళ్ళజోడు పంచెతో తుడుచుకుని, వేలు పెట్టి వరసంతా వెతికి, ఉందబ్బాయ్ అన్నారు. ఆయనెవరో నాకు తెలీదు. కాళ్ళకి దణ్ణం పెట్టేశాను.

కోటిపల్లి దాకా బస్సులో ఉన్నవాళ్ళందరికీ చెప్పేను. టిక్కెట్లు కొట్టేవాడికి రెండుసార్లు చెప్పేనట, రెండోసారి వాడే గుర్తు చేసేడు. రేవు దాటించే పడవ సరంగు నన్ను చిన్నప్పట్నించీ ఏరా అనేవాడు. సెలవలకొచ్చినప్పుడు అతని పక్కన కూచుని తెడ్డు వేసేవాణ్ణి. కబురు విని, "అయితే మీరింక తెడ్డు ముట్టుకోరన్నమాట" అన్నాడు. ఆ 'మీరు' విని నాకు నవ్వొచ్చింది. గోదారి సగం దాటేక ఎందుకో బెంగ కూడా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, వాకిట్లో కూచుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. మామ్మా, పాసయ్యేనే అన్నాను. ఆవిడ ముద్దూ పెట్టుకోలేదు, దిష్టీ తియ్యలేదు. చీపురు ఈనెలు పక్కన పెట్టి లేచి నిలబడి, "అయితే పద, రాయి చదివేద్దూగాని" అంది.

ఆ రాయి సంగతి చెప్పాలంటే మా సమాధుల తోట సంగతి చెప్పాలి.

మా పేటవాళ్ళు చచ్చిపోతే ఊరి శ్మశానంలోకి రానిచ్చేవారు కాదు. ఏటి ఒడ్డున ఇసకలో పూడ్చుకునేవారు. వరదొచ్చినప్పుడల్లా గోదారి ఎవర్నో ఒకర్ని పట్టుకుపోయేది. మా మామ్మ అత్తగారి రోజుల్లో, ఇంకా మావాళ్ళు క్రైస్తవ సంఘంలో కలవని రోజుల్లో, పడవ మీద ఒక దొరగారూ దొరసానీ వాక్యం చెప్పడానికి వచ్చేరట. వాళ్ళ పాపకి జ్వరం తగిలి ఇక్కడే పోయింది. ఆ పాపని ఎత్తుకు తిరిగే ఆయాకీ అదే జ్వరం తగిలింది, మూడోరోజున ఆవిడా పోయింది. ఊళ్ళో వాళ్ళు పాపకి చోటివ్వలేదు. మావాళ్ళే, మా చోటుంది రండి బాబూ అని, ఏటి ఒడ్డున కాస్త మెరకగా ఉన్న మేట చూపించేరు. దొరగారు ఆర్నెల్లకి మళ్ళీ పడవ మీద వచ్చి, మోకాలెత్తు నల్లరాయి దింపించి అక్కడ పాతించేరు. పాతించి, మా మామ్మ అత్తగారితో చేతులు జోడించి చెప్పేరట: "మీకూ రాయించితిని."

అంతే ఆయనన్నది. ఆ మాట మావాళ్ళు ఎలా విన్నారంటే, మా వైపు రాయించడమంటే భూమి రాయించడమేనండి. ఫలానా కాపుగారు కూతురికి ఎకరం రాయించేరంటారు, ఫలానా ఆయన పాలేరుకి ఇంటి స్థలం రాయించేడంటారు. అంచేత దొరగారు ఈ మేట మా పేర రాయించేరని, ఆ దస్తావేజు కాయితమైతే చెదలు పడుతుందని రాయి మీద చెక్కించేరని మా పేటంతా నమ్మింది. రెండు తరాలు నమ్మింది. ఊరివాళ్ళు ఎప్పుడన్నా ఆ మేట మీదికి పశువుల్ని తోలితే, "రాయి ఉంది జాగ్రత్త" అనేవారు మావాళ్ళు. వాళ్ళూ వెనక్కి తగ్గేవారు. రాయిలో ఏముందో వాళ్ళకీ తెలీదు మరి.

మరి అన్నేళ్ళూ చదవలేదా అంటారేమో. చదవడానికి అక్షరాలు కనబడితే కదండీ. ఏటా ఈస్టరు ముందు శనివారం పేటంతా గుల్లసున్నం పట్టుకుని తోటకి వెళ్ళేవాళ్ళం. ఎవరి సమాధికి వాళ్ళు సున్నం వేసుకుని, మిగిలిన సున్నమంతా దొరగారి పాప రాయికి వేసేవారు. అది మా దస్తావేజు కదా, దానికి తక్కువ చేస్తే ఎలా. ఒక పూత, రెండు పూతలు, ఒక్కో ఏడు నాలుగు. నా చిన్నప్పటికే ఆ రాయి రాయిలా ఉండేది కాదు, తెల్లటి రొట్టెముద్దలా ఉండేది. ఒకసారి గోటితో గీకబోతే మా అమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

ఫోర్తు ఫారంలో ఉండగా నేను చదువుతానని సంఘపెద్దగారిని అడిగేను. ఆయన నాకు వరసకి మావయ్య. ఫోర్తు ఫారం చదువుతో దస్తావేజు చదువుతావురా, తప్పు చదివితే చోటు పోదా అన్నారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. యుద్ధం రోజుల్లో బర్మాలో రంగం నించి మా పేటకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి రైసుమిల్లులో చేసే మనిషి గురించి. ఇంగ్లీషు సగం వచ్చిన ఒకాయన అది చదివి, పోయేడని చెప్పేడు. భార్య గాజులు తీసేసింది, తోటలో ఖాళీ గొయ్యి తవ్వి ఆయన చొక్కా పెట్టి పూడ్చేరు. రెండు నెలలకి ఆయన అడవులంట నడుచుకుంటూ, గడ్డం బొడ్డు దాకా పెంచుకుని వచ్చేడు. ఉత్తరంలో ఉన్నది ఆయన బయల్దేరేడని. వచ్చి నెల్లాళ్ళు బతికేడు. ఆ గొయ్యే మళ్ళీ తవ్వి అందులోనే పెట్టేరు. అప్పట్నించీ మా పేటలో సగం చదువుని ఎవరూ నమ్మరు. రాయి చదవాలంటే బీఏ కావాల్సిందేనని సంఘం తీర్మానించింది.

ఆ తోటలో ఇంకా ఎవరెవరున్నారో చెప్పకపోతే నాకు తోచదు. మా పంతులుగారున్నారు. నల్లబల్ల నెత్తిన పెట్టుకుని మూడు పేటలు తిరిగేవారు, మాకు పొద్దున, పక్కవాళ్ళకి మధ్యాన్నం, ఆ పై వాళ్ళకి సాయంత్రం. వానొస్తే బల్ల గొడుగయ్యేది, అక్షరాలు మాత్రం ఆయన భుజాల మీదికి కారేవి. నాకు ఓనమాలు ఆయనవే. మంత్రసాని ముసలమ్మున్నారు. మా పేటలోనే కాదు, ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లలు కూడా ఆవిడ చేతిలోనే పడ్డవాళ్ళు. ఆవిడ పోయినరోజున పెద్దిళ్ళ మగవాళ్ళు ఓ పాతికమంది గట్టు మీద నిలబడ్డారు. కిందికి దిగలేదు. అలాగని ఇంటికీ పోలేదు, మట్టి వేసేదాకా గొడుగులు ముడుచుకుని ఎండలో అలాగే ఉండిపోయేరు. ఇంకా మా తాతున్నాడు. ఆయన పక్కన మా మామ్మ పిల్లలు నలుగురు, మా నాన్నకంటే ముందు పుట్టినవాళ్ళు, వరసగా నత్తగుల్లల అంచు కట్టిన నాలుగు చిన్న గుట్టలు. తాతకి అవతలి వైపు ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంటుంది. అది మామ్మది. ఆ చోట్లో ఎవరన్నా నిలబడితే, "ఒరేయ్, నన్ను తొక్కకండ్రా" అంటుంది.

ఇప్పుడొచ్చిన తిప్పలు ఇవండీ. పోయినేటి పెద్ద వరదకి గట్టుకి గండి పడింది. కొత్త గట్టు వెనక్కి జరిపి వేస్తున్నారు. దానికి మట్టి కావాలి. మట్టి తవ్వుకోడానికి ఏటి వైపు గుర్తుపెట్టిన జాగాలో మా తోట ఉంది. నేను పరీక్షలు రాస్తున్నప్పుడే ఓవర్సీరుగారు వచ్చి మేకులు పాతించి వెళ్ళేరట. ఇది పోరంబోకని కాయితాల్లో ఉందండి, మీ దగ్గర దస్తావేజుంటే చూపించండి, పైకి రాస్తాను అన్నారట. మావయ్యగారు ధైర్యంగా, ఉందండి, రాతి దస్తావేజు, మా అబ్బాయి బీఏ పాసై వస్తున్నాడు, వచ్చి చదువుతాడు అన్నారట. నాకు ఒక్కరూ ఉత్తరం రాయలేదు. పరీక్షలప్పుడు మనసు పాడవుతుందని.

సరే, రాయి దగ్గరికి వెళ్ళేం. గునపం పెడితే అక్షరాలు పోతాయని రాయికి తడి గోనెలు చుట్టి ఒక పూట నాననిచ్చేం. మర్నాడు పొద్దున కొబ్బరిచిప్పలతో గీకడం మొదలెట్టేం. పేటంతా అక్కడే ఉంది, పనులకి కూడా వెళ్ళలేదు. సున్నం పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఒక పొర నీలంగా ఉంది. అది మా పెళ్ళైన ఏడు, నీలిమందు కలిపేం అంది మా అమ్మ. ఇంకో పొరలో ఎవరి చెయ్యో, అయిదు వేళ్ళ అచ్చు. అది ఎవరిదో ఎవరూ పోల్చుకోలేకపోయేరు.

అక్షరాలు బయటపడ్డాయి. ఇంగ్లీషువే. చిప్ప పక్కన పెట్టి, పంచె చెంగుతో తుడిచి, లోపల చదువుకున్నాను. నాలుగే వరసలు. పాప పేరు. తండ్రి పేరు. రెండేళ్ళ నాలుగు నెలలని. ప్రభువునందు నిద్రించెనని. ఇంకేదన్నా ఉందేమోనని రాయి వెనక్కి వెళ్ళి చూసేను. నున్నగా ఉంది. పక్కలు చూసేను. బీఏ పరీక్ష హాల్లో కూడా నాకు అంత చెమట పట్టలేదు.

ఏముందిరా అన్నారు మావయ్యగారు. చదివి తెలుగులో చెప్పేను. ఇంకా కింద ఉంటుంది, మట్టి తియ్యండి అన్నారాయన. తీసేం. నిజంగానే ఉంది. అడుగున, ఇన్నాళ్ళూ భూమిలో దిగబడిపోయి, ఒక్క వరస. తెలుగు. అది చదవడానికి బీఏ అక్కర్లేదు, మావయ్యగారే వంగి కూడబలుక్కుని చదివేరు.

"యీ బిడ్డ యొక్క ఆయా కూడ యిచ్చటనే."

ఆవిడ పేరు కూడా లేదు. ఆవిడ మావాళ్ళ మనిషేట, అదీ మామ్మే చెప్పింది. దొరగారు రాయించింది అదన్నమాట. మీ మనిషికి కూడా రాయించేనని చెప్పేడాయన. పాపం మంచి మనసుతోనే చెప్పేడు.

మావయ్యగారు నించునే ఉన్నారు. మా నాన్న కొబ్బరిచిప్పలోంచి సున్నం దులుపుతున్నాడు, దులిపిందే దులుపుతున్నాడు. మామ్మ నా దగ్గరికొచ్చి, అందరికీ వినబడకుండా అడిగింది.

"ఇంకా పై చదువేదన్నా ఉందేట్రా, అది చదివితే కనబడేది?"

"ఉన్నాయి మామ్మా. కానీ రాయి మీద ఉన్నది ఇంతే."

"పూర్తిగానే పాసయ్యేవా?"

పూర్తిగానే అన్నాను. ఆవిడ నన్ను తప్పు పట్టడానికి అడగలేదండి. ఇంకో దారుందేమోనని అడిగింది.

ఆ సాయంత్రం ఓవర్సీరుగారు వచ్చేరు. ఆయన మంచివాడే. రాయి ముందు గొంతుక్కూచుని, టోపీ తీసి, మొత్తం చదివేరు. నేను మధ్యాన్నమంతా కూచుని ఇంగ్లీషులో నాలుగు పేజీల అర్జీ రాసి ఉంచేను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అందులో పెట్టేను. న్యాయం గురించి, చనిపోయినవాళ్ళ హక్కుల గురించి, పుస్తకాల్లో చదివిన మాటలన్నీ. ఆయన నిలబడే నాలుగు పేజీలూ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంగ్లీషు చాలా బావుందండీ" అన్నారు.

అంతకంటే ఆయన మాత్రం ఏం చేస్తారు. గీత గీసేవాళ్ళు పైన ఉంటారు, మేకు పాతేవాణ్ణి నేను అన్నారు. అర్జీ పంపిస్తాను కానీ అది తిరిగొచ్చేలోగా వరద ఎర్రనీరు వచ్చేస్తుంది, గట్టు లేకపోతే పేటకి పేటే పోతుంది, అదీ మీరే ఆలోచించుకోండి అన్నారు. ఏం ఆలోచించుకోవాలి? గట్టు మాకే కావాలి. ఆ గట్టుకి మా తాత మట్టే కావాలి. ఆయన చెయ్యగలిగింది ఒకటి చేసేరు. వచ్చే సోమవారం దాకా తోట జోలికి రానివ్వనని మాటిచ్చేరు. ఈలోగా ఎవరివాళ్ళని వాళ్ళు తీసుకుని, కొత్త గట్టుకి లోపల, మా ప్రార్థనా మందిరం వెనక పెరట్లో పెట్టుకోవచ్చన్నారు.

మర్నాడు మామ్మా నేనూ తోటలో ఆ చివర్నించి ఈ చివరికి నడిచేం. ఎవరెక్కడున్నారో ఆవిడకి తప్ప ఎవరికీ పూర్తిగా తెలీదు. కర్రతో చూపిస్తూ చెప్పింది, నేను రాసుకున్నాను. ఇక్కడ ఫలానా, వాళ్ళ తాలూకు వాళ్ళు ఫలానా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళు రాకుండా ముట్టుకోకూడదు. మా వరస దగ్గరికి వచ్చేక ఆగి, రాయనక్కర్లేదంది.

తాతని తీద్దామే, నేనూ నాన్నా తీస్తాం, నువ్వు చూడక్కర్లేదు అన్నాను.

"ఆయనవి ఎముకలుంటాయి. పిల్లలవి ఏం మిగులుతాయిరా, పళ్ళన్నా రాలేదు. ఆయన్నొక్కణ్ణీ పట్టుకుపోతే వాళ్ళ దగ్గరెవరుంటారు?"

పుస్తకం మూసేశాను. మూడేళ్ళు లాజిక్కు చదివేనండి నేను. నాన్న వచ్చి అడిగేడు, మావయ్యగారు వచ్చి ప్రార్థన చేసి అడిగేరు. ఆవిడ తన ఖాళీ చోట్లో కూచుని ఈనెలు చీల్చుకుంటోంది. ఆవిడే అక్కడ కూచుంటే ఇంక నన్ను తొక్కకండ్రా అనే అవసరం కూడా లేదు.

ఉత్తరాలు సోమవారంలోగా అందవని, దూరంలో ఉన్నవాళ్ళకి ఫోన్లు చెయ్యమని సంఘం నాకే అప్పజెప్పింది. ఫోనులో మాటాడటమంటే మా పేటలో అదీ బీఏ పనే. నిన్నట్నించీ అమలాపురం పోస్టాఫీసు బల్ల మీద కూచుని ఉన్నాను. నెంబరు రాసిస్తే, కలిసేక పిలుస్తారు, మూడు నిమిషాలిస్తారు. పొద్దున మొదటి ఫోను కాలు కాకినాడకి కలిసింది. ఆస్పత్రిలో నర్సు, మంత్రసాని ముసలమ్మ గారి మనవరాలు. నాకు అక్క వరస. అక్కా నేనే అనగానే, ఏరా, రిజల్టా అంది. పాసయ్యేనక్కా అన్నాను. ఆవిడ అక్కడ ఏడ్చేసింది, పక్కవాళ్ళని పిలిచి చెప్పింది, ఎవరో పెద్ద డాక్టరమ్మగారి చేత కూడా నాతో మాటాడించింది. నేను థ్యాంక్సండీ థ్యాంక్సండీ అంటున్నాను. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. అక్కా, ఇంకో సంగతి అనేసరికి మూడు నిమిషాలూ అయిపోయాయి. ఫోను కట్టు. ఆవిడ ఇప్పుడు ఆస్పత్రంతా మిఠాయి పంచుతూ ఉంటుంది.

రెండో కాలు కోసం కూచున్నాను. ఇంకా చెయ్యాల్సినవాళ్ళు వీళ్ళు:

కాకినాడ ఆస్పత్రి అక్క. మళ్ళీ చెయ్యాలి. ఈసారి ముందే మీ మామ్మగారి సమాధి అని మొదలెట్టాలి.

పంతులుగారి పెద్దబ్బాయి, ఏలూరులో మాస్టారు. ఫోను హెడ్మాస్టరుగారి గదిలో ఉంటుంది, బడి తెరిచేరో లేదో.

రాజమండ్రి స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసే బావ. వాళ్ళమ్మ సమాధి తోటలో చింతచెట్టు వైపు వరసలో మూడోది. డ్యూటీలో ఉంటే లైను వదిలి రానివ్వరు.

రంగం ఆయన భార్య, విశాఖపట్నంలో అల్లుడి దగ్గర. అల్లుడు రేవులో కళాసీ, మేస్త్రీ గారింటికి ఫోను చేస్తే పిలిపిస్తారట. మొగుడు పోయేడని ఆవిడకి ఇప్పటికి రెండుసార్లు చెప్పేరు.

నిడదవోలు కంపౌండరుగారు. ఆయన చెల్లెళ్ళిద్దరూ ఒకే గోతిలో ఉన్నారు, కలరా ఏడు. ఏ పెట్టెలో ఎవరిని పెట్టాలో ఆయనే చెప్పాలి.

తణుకులో మా చిన్నత్త, మామ్మ కూతురు. ఆవిడ భర్త చేసే రైసుమిల్లులో ఫోనుంది. ఆవిడొస్తే మామ్మ లేస్తుందేమో. ముందు ఆవిడకే చెయ్యాల్సింది. పొద్దుట్నించీ రెండుసార్లు నెంబరు రాసిచ్చి, రెండుసార్లూ ఏం చెప్పాలో తోచక చీటీ వెనక్కి తీసుకున్నాను.